పలక మీది రాతలు – 17: పద్నాలుగు వేలలో ఒక గిటారు

పోయిన ఆదివారం పోస్టు చివర "ఒక సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను, ఆ ముచ్చట వచ్చే వారం" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికే ఇన్‌బాక్స్ నిండింది. సగం మంది పిల్లలు. "ఎంత పడింది మేడం? ఎక్కడ దొరికింది? మెటల్‌కు ఏది మంచిది?" మిగతా సగం ఉద్యమ మిత్రులు. "డప్పు మీద పీహెచ్‌డీ చేసినదానివి, డప్పు వదిలేసి గిటారు పట్టుకున్నావా అక్కా?"

పిల్లలకు లెక్క చెప్పాలి. మిత్రులకు జవాబు చెప్పాలి. రెండూ ఒకే కథలో ఉన్నాయి కాబట్టి ఇవాళ పోస్టు కొంచెం పొడుగు. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

ముందు మా నాయిన సంగతి.

మా ఊరు నల్లగొండ జిల్లాలో. మా నాయిన ఊళ్లో డప్పు కొట్టేవాడు. మా దిక్కు డప్పును పలక అని కూడా అంటారు. నన్ను బడిలో వేసిన రోజు "నాకు తోలు పలక, నీకు రాతి పలక" అన్నాడట. ఈ సీరియల్ పేరు అక్కడిదే అని పాత పాఠకులకు తెలుసు.

2001 జనవరి 26. నేను ఏడో తరగతి. బడిలో ఫస్టు వచ్చినందుకు జెండా పండుగ నాడు ప్రైజు ఇస్తామన్నారు. మా నాయిన ముందు రోజే అంగీ ఉతుక్కుని ఆరేసుకున్నాడు. తెల్లారకముందే పెద్దింటి నుంచి కబురొచ్చింది. ముసలాయన పోయిండు, డప్పు పట్టుకుని రావాలె. "ఇయ్యాల నా బిడ్డకు ప్రైజిస్తరు, నడిపోణ్ని తోల్తా" అని మా నాయిన అన్నాడు. వచ్చినవాడు నవ్వాడు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా మా నాయిన సావు దరువు కొట్టాడు. నేను ప్రైజు తీసుకున్నాను. స్టీలు టిఫిన్ డబ్బా. అది ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి డప్పును అటక మీద పెట్టి మా నాయిన ఒకటే మాట అన్నాడు. "పిలిస్తె పోవాల్సిన పని ఇంక నా ఇంట్ల ఉండది." ఆ ఎండాకాలమే మేము ఎల్బీనగర్‌లో బస్సు దిగాం. నల్లగొండ, సూర్యాపేట దిక్కు నుంచి వచ్చే మాలాంటి వాళ్లకు హైదరాబాదంటే ముందు ఎల్బీనగరే. చార్మినార్ చాలా తర్వాత. కొత్తపేట పండ్ల మార్కెట్లో మా నాయిన హమాలీగా చేరాడు. మామిడి, బత్తాయి లారీలు దించేవాడు. మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయే నాటికి ఆయన భుజం కూడా పోయింది.

అటక మీది డప్పు మాతో రాలేదు. నేను ఓయూలో తెలుగు ఎమ్మే చదివి, దళిత కవిత్వంలో డప్పు మీద పరిశోధన చేశాను. మూడు వందల పేజీలకు పైన రాశాను. సిర్ర ఎంత లావుండాలో, సిటికెన పుల్ల ఎంత సన్నగా ఉండాలో, తోలును నిప్పు సెగకు ఎందుకు కాపుతారో, ఏ దరువు ఎప్పుడు కొడతారో అన్నీ రాశాను. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు, ఊరికి చాటింపు వేసే వెట్టి పని పేరే ఉద్యమం పేరుగా ఎట్లా మారిందో ఒక అధ్యాయమంతా రాశాను. వైవాలో మార్కులు బాగా పడ్డాయి. కానీ ఒక్కసారి కూడా నా చేత్తో డప్పు కొట్టలేదు. ఇంట్లో ఆ చప్పుడు వినపడితే మా నాయిన అన్నం ముందు నుంచి లేచిపోతాడు. ఊళ్లో ఆడపిల్లకు ఎటూ డప్పు ఇవ్వరు. ఈ రెండింటి మధ్య నాకు దక్కింది ఫుట్‌నోట్లు.

ఇది నా మొదటి జవాబు మిత్రులారా. నేను డప్పు వదిలేయలేదు. అది నా చేతికి ఎప్పుడూ రాలేదు.

ఇక మెటల్ సంగతి.

ఓయూ లేడీస్ హాస్టల్లో నా రూమ్మేట్ చర్చిలో గిటారు వాయించేది. మామూలు చెక్క గిటారు. నాకు ఆరు కార్డ్స్ నేర్పింది. ఆ అమ్మాయి ఫోన్లోనే ఒక రాత్రి ఇయర్‌ఫోన్లో బ్లాక్ సబ్బాత్ విన్నాను. ఇంగ్లిషు మాటలు సగం అర్థం కాలేదు. కానీ ఆ బరువు అర్థమైంది. నెమ్మదిగా, నేల అదిరినట్టు, ఎవరినీ బతిమాలని చప్పుడు.

తర్వాత వాళ్ల గురించి చదివాను. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్, అందులో ఆస్టన్ అనే కార్మికవాడ. నలుగురూ అక్కడి పేదింటి పిల్లలే. పాటగాడు ఆజీ ఆస్బోర్న్ కబేళాలో పని చేసినవాడు. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు. పదిహేడేళ్ల వయసులో, ఆ ఉద్యోగంలో ఆఖరి రోజున, మిషన్లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం మనిషి. కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేత్తోనే. గిన్నెలు తోమే సబ్బు సీసా ప్లాస్టిక్‌ను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. అది జారుతుంటే పైన పాత జాకెట్ తోలు ముక్కలు అంటించుకున్నాడు. బిగువు తీగలు నొక్కలేక సన్న తీగలు వేశాడు. కొన్నాళ్లకు శ్రుతిని కూడా కిందికి దించాడు. తీగ వదులైతే నొప్పి తగ్గుతుంది, చప్పుడు బరువెక్కుతుంది. 1970 ఫిబ్రవరి 13న వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్ చరిత్రను చాలామంది అక్కడి నుంచే లెక్కపెడతారు.

కబేళా, ఫ్యాక్టరీ, తెగిన వేలు, వేలికి తోలు ముక్క. దీన్ని నాకు ఎవరైనా విడమరిచి చెప్పాలా?

ఇంకా వెనక్కి పోతే నల్లవాళ్ల బ్లూస్. చర్చిలో దేవుడి పాటలకు ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్న నల్లజాతి మహిళ సిస్టర్ రోసెట్టా థార్ప్. క్లబ్బుల్లో కూడా పాడుతోందని భక్తులు ఆమెను తిట్టారు. 1951లో మెంఫిస్‌లో 'రాకెట్ 88' రికార్డు చేయబోయేసరికి దారిలో యాంప్లిఫయర్ దెబ్బతింది. చిరిగిన స్పీకర్లో న్యూస్ పేపర్ కుక్కి వాయించారని చెప్తారు. ఆ బొంగురు చప్పుడే జనానికి నచ్చింది. షానీ ఆదివాసీ మూలాలున్న లింక్ రే తన స్పీకర్‌కు పెన్సిల్‌తో బొక్కలు పొడిచి 1958లో 'రంబుల్' వాయించాడు. అందులో ఒక్క మాట కూడా లేదు. అయినా అమెరికాలో కొన్ని రేడియోలు దాన్ని నిషేధించాయి. మాటల్లేని చప్పుడుకు భయపడటం మన ఊళ్లకే పరిమితం కాదు.

ఈ బొంగురునే డిస్టార్షన్ అంటారు. గిటారు పికప్‌లో అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఇనుప తీగ కదిలితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటును యాంప్లిఫయర్ మోయగలిగిన దానికంటే ఎక్కువ పెంచితే, అలల శిఖరాలు తెగిపోయి కొత్త స్వరాలు పుడతాయి. చప్పుడు గరగరలాడుతుంది, చాలాసేపు నిలుస్తుంది. మర్యాదగల ఇంజనీర్లు దీన్ని లోపం అన్నారు. పేదవాళ్ల చెడిపోయిన స్పీకర్లు దాన్ని సంగీతం చేశాయి.

క్లాసులో ఒకసారి జాషువా 'గబ్బిలం' చెప్తున్నాను. 1941 నాటి కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి పోగలిగిన గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. బీకాం రెండో సంవత్సరం పిల్లవాడొకడు లేచి, "మేడం, ఆజీ స్టేజీ మీద గబ్బిలం తల కొరికిండు, 1982ల" అన్నాడు. క్లాసంతా నవ్వింది. రబ్బరు బొమ్మ అనుకున్నానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడని కూడా వాడే చెప్పాడు. "మన గబ్బిలం కబురు మోసింది, వాళ్ల గబ్బిలం పాపం బలైపోయింది" అన్నాను. ఆ పిల్లవాడు మెటల్ వింటాడని నాకు అట్లా తెలిసింది. చైతన్యపురిలో రూములో ఉంటాడు. గిటారు వాయిస్తాడు. ఈ కథలో టెక్నికల్ ఎక్స్‌పర్ట్ వాడే.

2025 జూలై 5న బ్లాక్ సబ్బాత్ తమ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ స్టేడియంలో ఆఖరి షో చేసింది. ఆజీ నిలబడలేక కుర్చీలో కూర్చుని పాడాడు. జూలై 22న పోయాడు. ఆ వారమే నాకు పేపర్లు దిద్దిన డబ్బు పడింది. మా కాలేజీలో జీతం నెల నెలా రాదు. ఈ డబ్బు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అందులో పద్నాలుగు వేలు విడిగా తీసి కవర్లో పెట్టి, పైన "గిటారు" అని రాశాను. ముప్పై ఆరేళ్లలో నా సుఖానికి విడిగా కవరు పెట్టడం అదే మొదటిసారి.

కోఠీ దిక్కు ఒక షాపుకు వెళ్లాను. "బాబుకా మేడం, పాపకా?" అన్నాడు. నాకే అన్నాను. "భజనకు అయితే కీబోర్డు బాగుంటది మేడం" అన్నాడు. మెటల్‌కు అన్నాను. స్టీలు సామాను షాపు అనుకుని వచ్చానేమోనని నా దిక్కు ఒకసారి చూశాడు. కొత్తవి అయితే పద్దెనిమిది, ఇరవై వేలకు పైన. తక్కువలో ఉన్న ప్యాకేజీని మా పిల్లవాడు మెల్లగా పక్కకు నెట్టాడు. "అదే డబ్బుకు పాతది మంచిది వస్తది మేడం. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల ఎంతమంది కొని మూలకు పెట్టిండ్రో మీకు తెల్వదు."

నిజమే. దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ప్రతి హాస్టల్లో ఒక పిల్లవాడు ఒకప్పుడు గిటారు కొంటాడు. కోర్సు అయిపోతుంది, ఉద్యోగం వస్తుంది లేదా రాదు, ఖాళీ చేసేటప్పుడు మంచం, కూలరు, గిటారు అమ్మకానికి పెడతాడు.

మొదటి గిటారు అట్లాంటిదే. మెట్రో స్టేషన్ వెనక సందులో హాస్టల్, మూడో అంతస్తు. తెల్లటి స్క్వయర్, ఆరున్నర వేలు. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లు. క్లీన్‌గా వాయిస్తే చిలకలా పలికింది. డిస్టార్షన్ పెట్టగానే హూమ్మని మోత. మన కరెంటు యాభై హెర్ట్జ్‌ది. ట్యూబులైటు, ఫ్యాను, ఛార్జరు నుంచి వచ్చే ఆ గుయ్యిని సింగిల్ కాయిల్ పట్టుకుంటుంది. డిస్టార్షన్ దాన్ని కూడా పదింతలు చేస్తుంది. అద్దె ఇళ్లలో ఎర్తింగ్ సంగతి మీకు తెలియనిది కాదు. హంబకర్ అని ఇంకో రకం పికప్ ఉంటుంది. పక్కపక్కన రెండు కాయిల్స్. చుట్టిన దిశ ఒకదానికొకటి ఎదురు, అయస్కాంతాలు కూడా ఎదురు. బయటి మోత రెండింటిలో ఎదురెదురుగా పుట్టి కొట్టుకుపోతుంది. తీగ చప్పుడు మాత్రం కలిసి రెట్టింపవుతుంది. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే ఆయన 1955లో దీన్ని చేశాడు. మెటల్‌కు కనీసం బ్రిడ్జి దగ్గర ఒక హంబకర్ తప్పనిసరి. ఆ తెల్ల గిటారుకు దండం పెట్టి దిగొచ్చాం.

రెండోది ఎల్బీనగర్‌లో. మంచి అపార్ట్‌మెంట్, లిఫ్టు, కింద రిజిస్టర్లో సంతకం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నల్లటి ఐబనెజ్, రెండు హంబకర్లు, పన్నెండు వేలు. మాట్లాడి పదకొండుకు వచ్చాడు. మా పిల్లవాడు గిటారు ఎత్తి మెడ వెంబడి ఒంటికన్నుతో చూస్తున్నాడు. లోపలి నుంచి ఆయన తల్లి కాఫీ తెచ్చింది. లెక్చరరని తెలిసి సంతోషపడింది. పీహెచ్‌డీ అంటే ఇంకా సంతోషపడింది.

"ఏ ఊరమ్మా?"

"నల్లగొండ దిక్కండి."

"ఇంటి పేరు?"

చెప్పాను. ఆ పేరు ఆమెకు ఏమీ చెప్పలేదు.

"అంటే మీరేమోళ్లు?"

"మాదిగోళ్లమండి."

పదేళ్ల కింద అయితే "ఎందుకండీ అవన్నీ" అని నవ్వి దాటేసేదాన్ని. ఇప్పుడు చెప్తాను. ఆమె ఏమీ అనలేదు. "అట్లనా" అని లోపలికి పోయింది. కొడుకును పిలిచింది. అతను వచ్చి, మొహం పక్కకు పెట్టి, "మేడం, మా ఫ్రెండ్ కూడా అడిగాడు, వాడికి కనుక్కొని రేపు చెప్తా" అన్నాడు. కాఫీ కప్పులు మేము లేచే దాకా అక్కడే ఉన్నాయి.

ఆ రేపు రాలేదు. గిటారు ప్రకటన మాత్రం ఇంకో రెండు వారాలు ఫోన్లో కనిపిస్తూనే ఉంది. ధర పదివేలకు దిగింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ గిటారు నేను కొనకూడనిదే. దానికి ఫ్లాయిడ్ రోజ్ తరహా బ్రిడ్జి ఉంది. తీగలు రెండు కొసలా తాళం వేసి ఉంటాయి. వెనక స్ప్రింగులు, ముందు తీగలు ఒకదాన్నొకటి లాగుతూ త్రాసులా నిలబడుతుంది. ఒక తీగ శ్రుతి మారిస్తే మిగతా అయిదూ మారతాయి. ఆరో తీగను ఒక మెట్టు దించి డ్రాప్ డి చేయాలంటే కొత్తవాళ్లకు అరగంట. చవక రకాల్లో ఆ బ్రిడ్జి ఆనే అంచులు అరిగిపోతాయి, ఇక శ్రుతిలో నిలవదు. దానివి అరిగాయని మా పిల్లవాడు కాఫీ రాకముందే కనుసైగ చేశాడు. మంచి బేరం ఏమీ పోలేదు.

అయినా ఎల్బీనగర్ మెట్రో మెట్లెక్కుతుంటే కాళ్లు బరువెక్కాయి. నేను వద్దనుకుని రావాల్సిన వస్తువు. వద్దనే అవకాశం నా చేతిలోంచి ముందే తీసేసుకున్నారు. మా పిల్లవాడు టోకెన్ తీస్తూ, "మేడం, మీరు చెప్పకుంటే అయిపోయేది గదా" అన్నాడు. వాడు బీసీ. మంచి పిల్లవాడు. "చెప్పకుంటే గిటారు వచ్చేది రా. ఇంటికి తెచ్చి వాయించేటప్పుడు ప్రతిసారి ఆ చెప్పకపోవడం గుర్తొచ్చేది" అన్నాను. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటేదాకా వాడు మాట్లాడలేదు.

మూడోది సరూర్‌నగర్ చెరువు అవతల బస్తీలో. రేకుల ఇల్లు, గోడ మీద క్యాలెండరు నిండా వాక్యాలు. పాతికేళ్లు దాటని తమ్ముడు. ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తాడు. ఊరు మారుతున్నాడు, ఉద్యోగం. ఐబనెజ్ గియో, జీఆర్‌జీ 121డీఎక్స్. రెండు హంబకర్లు, కదలని బ్రిడ్జి, ఇరవై నాలుగు ఫ్రెట్లు. తొమ్మిదిన్నర చెప్పాడు.

"చర్చిలో డిస్టార్షన్ వాయించనిస్తారా తమ్ముడూ?" అన్నాను.

"అయ్యగారు ఒప్పుకోరక్కా. సైతాను సప్పుడంటరు. అందరు పోయినంక కుర్చీలు సర్దేటప్పుడు ఆ పెడల్ మీద ఒక్కసారి కాలు పెడ్త."

రోసెట్టా థార్ప్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. మా పిల్లవాడు మెడ చూశాడు, సరిగ్గా ఉంది. మొదటి అయిదు ఫ్రెట్ల మీద తీగల గాట్లు పడ్డాయి, అన్నీ పాట కార్డ్స్ వాయించే చోటే. వాల్యూమ్ బటన్ తిప్పితే చరచరమంది. వైరు పెట్టే జాక్ వదులు. ఇవన్నీ బాగయ్యే రోగాలే. తీగలు తుప్పు పట్టాయి కాబట్టి ఆ తమ్ముడే అయిదు వందలు తగ్గించాడు. తొమ్మిది వేలు. ఊరు అడిగాడు, ఇంటి పేరు అడగలేదు. బ్యాగు తొడిగి నా భుజానికి తగిలించి, "ప్రార్థన చేసి వాయించుకోండి అక్కా" అన్నాడు. నేను అంబేడ్కరైట్‌ను, ప్రార్థన చేయను. అయినా తల ఊపాను.

ఇప్పుడు పిల్లలకు లెక్క. గిటారు 9,000. తీగల సెట్టు, పది-నలభై ఆరు సైజు, 600. దిల్‌సుఖ్‌నగర్‌లో టీవీలు బాగుచేసే అన్న దగ్గర కొత్త జాక్ సోల్డరింగు, వాల్యూమ్ బటన్ క్లీనింగు, 200. వైరు 450. పాత జూమ్ జీ1ఆన్ ప్రాసెసర్, 3,200. మొత్తం 13,450. మిగిలిన 550 ఆటోలకు, మా పిల్లవాడి బిర్యానీకి.

యాంప్లిఫయర్ ఎందుకు కొనలేదంటే, మాది అద్దె ఇల్లు. ఓనర్ పైనే ఉంటారు. ప్రాసెసర్‌కు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నా చెవుల్లో విల్లా పార్క్, గదిలో నిశ్శబ్దం.

పాత గిటారు కొనేవాళ్లు ఇవి చూసుకోండి. మెడ వెంబడి చూడండి, మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వద్దు. వంపు కొంచెమే ఉంటే లోపలి ట్రస్ రాడ్‌తో సరిచేయొచ్చు. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టండి. మధ్యలో తీగకు, ఫ్రెట్‌కు సన్నటి సందు ఉండాలి. ప్రతి తీగా, ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా మీటండి. ఎక్కడైనా చప్పుడు చచ్చిపోతే దాని తర్వాతి ఫ్రెట్ లేచి ఉండొచ్చని అర్థం. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, ఖాళీ తీగ స్వరం ఒకటే కావాలి, స్థాయి మాత్రం రెట్టింపు. ట్యూనర్ యాప్ చాలు. మెడ ఒంటికి కలిసే చోట పగుళ్లు చూడండి. ఫ్రెట్ల అంచులు చేతికి గీరుకుంటున్నాయా చూడండి, మన ఎండాకాలానికి చెక్క ఎండి కుంచించుకుపోతుంది. రెండు పికప్‌లూ పలుకుతున్నాయా, స్విచ్ మార్చి వినండి. మొదటి గిటారుకు కదలని బ్రిడ్జి తీసుకోండి. రంగు చివర్లో చూడండి.

మిత్రులకు రెండో జవాబు. మెటల్ మనల్ని విముక్తి చేస్తుందని నేను చెప్పను. మన దేశంలో మెటల్ ఎక్కువగా ఇంగ్లిషు మీడియం, కలిగిన ఇళ్ల పిల్లల సంగీతంగానే ఉంది. గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండ్ మన హైదరాబాద్ నుంచే వచ్చిందని మన బస్తీల్లో ఎంతమందికి తెలుసు? చెన్నైలో 2018లో పా. రంజిత్ చొరవతో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ స్టేజీ ఎక్కినప్పుడు గానా పాట, పఱై, గిటారు పక్కపక్కన నిలబడ్డాయి. అక్కడ ఎవరూ "గిటారు ఎందుకు" అని అడగలేదు. వీణ నేర్చిన ఇంటి పిల్ల గిటారు పడితే ప్రయోగం అంటాం. డప్పు ఇంటి పిల్ల పడితే ద్రోహం అంటామా? మన వారసత్వం మనకు గర్వం కావాలి. మనల్ని మళ్లీ అదే పనికి కట్టేసే తాడు కాకూడదు.

కొన్న రోజు రాత్రి మా నాయిన హాల్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను వైరు లేకుండానే పామ్ మ్యూట్ సాధన చేస్తున్నాను. కుడి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి కొడితే చప్పుడు మూసుకుపోయి దబ్ దబ్ మంటుంది. మెటల్‌కు వెన్నెముక అదే. కాసేపటికి మా నాయిన లేచి కూర్చున్నాడు. నాకు భయమేసింది. లేచి బయటికి పోతాడేమో అనుకున్నాను.

"గింత మెల్లగ కొడితే ఎవరికి ఇనబడ్తది?" అన్నాడు.

హెడ్‌ఫోన్ పెట్టాను. ప్రాసెసర్ ఆన్ చేసి ఒక్క దెబ్బ కొట్టాను. ఉలిక్కిపడ్డాడు. తీయబోయి ఆగాడు. ఇంకో నాలుగు దెబ్బలు విన్నాడు. తీసి మంచం మీద పెట్టి, గిటారు దిక్కు చాలాసేపు చూశాడు.

"కాపకుండనే గింత మోగుతదా?"

"కరెంటు నాయినా."

"సావుకు కొట్టేది గాదు గదా?"

"కాదు."

"ఎవరన్న పిలిస్తె పోయి కొట్టాల్నా?"

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. స్టీలు టిఫిన్ డబ్బా వంటింటి గూట్లో నాకు కనబడుతూనే ఉంది.

"లేదు నాయినా. నాకు బుద్ధి పుట్టినప్పుడే."

"అయితె కొట్టుకో" అని గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

మూడు వందల పేజీల్లో నేను పట్టుకోలేకపోయిన తేడా అది. తోలా, ఇనుమా, మనదా, పరాయిదా అని నేను వెతుకుతూ పోయాను. పిలిస్తే పోవాలా, అక్కర్లేదా అని ఆయన ఒక్క ప్రశ్నలో తేల్చేశాడు. థీసిస్ మళ్లీ రాయాల్సి వస్తే మొదటి అధ్యాయం అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఇప్పటికి నాకు ఒక్క రిఫ్ వచ్చు. అదీ సగం తప్పులతో. వేళ్ల కొసలు కాయలు కాస్తున్నాయి. అద్దె ఇంట్లో హెడ్‌ఫోన్లు తీసి వాయించే రోజు ఇంకా రాలేదు. ఆ రోజు వస్తే మీ అందరికీ కబురు చేస్తాను. రావాలనిపిస్తేనే రండి.

వచ్చే ఆదివారం 18వ భాగం: అద్దె ఇంటి కోసం మేము ఎక్కిన మెట్లు.

జై భీమ్.